అన్నీ ఎడమ చేతులే

ఆ వారంలో మాస్టరమ్మతో ఒక్కరంటే ఒక్కరు కూడా పోట్లాడలేదు. ఆ వారమనే ఏముంది, ఆమె కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన దగ్గర్నుంచీ ఇదే వరస.

ఆమెను ఎరిగినవాళ్ళకే ఇదెంత విడ్డూరమో తెలుస్తుంది. యూనిఫారాలు కుట్టే ఆ వర్క్‌షాపులో గుడ్డ కత్తిరించే మాస్టరు పని ఆమెది. ఆస్పత్రివాళ్ళు తప్ప ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు. పొద్దున్నే వచ్చి కత్తెర అందుకుందంటే చాలు, గుడ్డ దించడానికి వచ్చినవాడితో నేత గురించీ, మెషీన్లవాళ్ళతో కుట్టు గురించీ, ఇస్త్రీ ఆయనతో ఆయన రేడియో గురించీ వాదన మొదలయ్యేది. అందులో సగం ఆమె ఓడిపోయేది. ఓడిపోయినా మధ్యాహ్నానికి ఇంకోటి ఎత్తుకునేది. అది పగా కాదు, కోపమూ కాదు. కొందరికి పొద్దున్నే గొంతులో టీ పడాలి, ఆమెకు మాట మీద మాట పడాలి.

ఇప్పుడు ఏమన్నా సరే, ఎదుటివాళ్ళు తలూపుతున్నారు. ఆమె కోసం ఓనరు ఎక్కడి నుంచో వీపుకు ఆనే కుర్చీ ఒకటి తెచ్చి, దాని మీద మెత్త కూడా వేయించాడు. ఆ మెత్తను చూస్తేనే ఆమెకు ఒళ్ళు మంట. రోజూ వచ్చీ రాగానే దాన్ని తీసి కిందపెట్టేది. టీ తాగి వచ్చేసరికి ఎవరో మళ్ళీ తెచ్చి వేసేవారు.

ఆ రోజు ఆమెకు విసుగు నెత్తికెక్కి ఒక పని చేసింది. టేబుల్ మీద ముదురు నీలం గుడ్డ తాను ఉంది. హోటల్ సిబ్బంది కోట్ల కోసం తెప్పించినది. దాన్ని తట్టి, "ఇది నలుపే కదా?" అంది ఇస్త్రీ ఆయనతో.

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, గుడ్డకేసి చూసి, ఆమెకేసి చూసి, "నలుపే మాస్టరమ్మా" అన్నాడు.

"సరిగ్గా చూడు."

"నలుపే. మీరు చెప్పాక ఇంకేముంది?"

"నీలం!" అని అరిచింది. "కళ్ళున్నాయా నీకు? నీలం గుడ్డను పట్టుకుని నలుపంటావేం?"

"అవునవును, నీలమే" అన్నాడాయన కంగారుగా. "మీరు ఆయాసపడకండి. కాస్త కూర్చోండి."

ఆమె గదిలో నాలుగు వైపులా చూసింది. మెషీన్ల మీద వంగిన తలలు ఇంకాస్త వంగాయి. ఇలాంటప్పుడు నవ్వేది ఒకే ఒక మనిషి. కోట్లకు చేతులు అతికించే ఆవిడ. ఆవిడ మెషీను తొక్కితే తుపాకి పేల్చినట్టు ఉండేదని అందరూ బుల్లెట్టు అనేవాళ్ళు. ఇన్నేళ్ళుగా మాస్టరమ్మకు సరిజోడుగా నిలబడి, మాటకు మాట అప్పగించింది ఆవిడే. ఆ బుల్లెట్టు ఇప్పుడు మెషీను దగ్గర లేదు. తలుపు పక్క మూలలో చిన్న స్టూలు మీద కూర్చుని, కుట్టిన కోట్లకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. తల కూడా ఎత్తలేదు.

'దీనికి కూడా నా మీద జాలి పుట్టింది' అనుకుంది మాస్టరమ్మ. మిగతావాళ్ళ జాలి వేరు. దీనిది మాత్రం ఎక్కడో లోపల తగిలింది.

*

రోజు మార్చి రోజు పొద్దున్న డయాలిసిస్. ఆస్పత్రిలో పొడుగాటి గది, వరసగా మంచాలు, మంచానికొక మెషీను. కుట్టుమెషీన్ల మధ్య బతికిన మనిషి కాబట్టి ఆమెకు మొదటి రోజునే ఆ చప్పుడు నచ్చలేదు. కుట్టుమెషీను ఏదో ఒకటి తయారుచేస్తూ చప్పుడు చేస్తుంది. ఇది ఉన్నదాన్నే తిప్పి తిప్పి ఇస్తుంది.

ఎడమ చేతిలో సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బింది. దాని మీద వేలు పెడితే లోపల పిల్లి గురక పెట్టినట్టు ఉంటుంది. మొదట్లో దాన్ని తాకాలంటే ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు తీరిక దొరికినప్పుడల్లా వేలు పెట్టి చూసుకుంటుంది, ఉందా లేదా అని.

నర్సు బరువు చూసి నొసలు చిట్లించింది. "మళ్ళీ నీళ్ళు తాగేశారు. ఎన్నిసార్లు చెప్పాలి మీకు? చిన్నపిల్లలా మీరు?"

ఊళ్ళో ఆమెను తిట్టే మనిషి ఈ నర్సు ఒక్కతే. మొదట్లో ఆ తిట్లకు ప్రాణం లేచొచ్చేది కూడా. "ఎండగా ఉంది, దాహమేసింది, తాగాను. నువ్వు తాగలేదా?" అని ఎదురు తగులుకునేది. కానీ నర్సు జవాబు వినదు. పక్క మంచం దగ్గరకెళ్ళి అవే మాటలు, అదే గొంతుతో, అక్కడి ముసలాయనకు చెబుతుంది. ఆ తిట్లు తనవి కావనీ, తన కిడ్నీలకనీ మాస్టరమ్మకు మెల్లిగా అర్థమైంది.

సూదులు తీశాక కాసేపు తల దిమ్ముగా ఉంటుంది. ఇంటికెళ్ళి పడుకోవాలని డాక్టరు చెప్పాడు. ఆమె ఎప్పుడూ తిన్నగా వర్క్‌షాపుకే వెళ్ళేది. ఆ మాట ఎవరన్నా ఎత్తితే, "నా తల, నా దిమ్ము" అనేది. దానికీ అందరూ తలూపేవాళ్ళు.

*

అసలు సంగతి బయటపడింది మర్నాడు, ఆస్పత్రి నుంచి వచ్చిన మధ్యాహ్నమే.

చేతికి కట్టిన పట్టీ కత్తిరించేటప్పుడు టేబుల్ అంచుకు రాసుకుంటోంది. మీద చుట్టుకోవడానికి మెత్తని ముక్క ఏదన్నా దొరుకుతుందేమోనని ఆమె వెనక గదిలోకి వెళ్ళి, చిత్తుముక్కల గోనెసంచి విప్పింది. పైన అస్తరు గుడ్డ ముక్కలు, పట్టీలు, అంచులు. కింద చెయ్యి పెట్టేసరికి బరువుగా ఏదో తగిలింది. లాగింది. తాడుతో కట్టిన కట్ట. ముదురు నీలం. కోటు చేతులు.

చిత్తుసంచిలో చేతులేమిటి? ఆమె తాడు విప్పి, రెండు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టింది. జత కుదరలేదు. ఇంకొకటి తీసింది. మళ్ళీ కుదరలేదు. అప్పుడు కింద చతికిలబడి, ఒక్కొక్కటే ఒళ్ళో పరిచి, భుజం దగ్గర వంపును వేలితో తడుముతూ వెళ్ళింది. వంపు అన్నిటికీ ఒకే పక్క తిరిగింది. అన్నీ ఎడమ చేతులే.

గుడ్డ పొరలన్నీ ఒకే ముఖం పైకి వచ్చేలా పరిచినప్పుడు, చెయ్యి ఆకారంలో కోసిన అట్టను ఒకసారి తిన్నగా పెట్టి గీసి, రెండోసారి బోర్లా తిప్పి గీయాలి. తిప్పడం మరిచిపోతే ఇంతే. ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్ళు చేసే తప్పు. ప్రతి పొర అంచునా సుద్దతో పెట్టిన గుర్తు ఉంది. చిన్న కొక్కెంలాంటి గీత. ఆ గీత వర్క్‌షాపులో ఒక్కళ్ళే పెడతారు.

కట్టను చంకలో పెట్టుకుని ఆమె ఇస్త్రీ ఆయన ముందు నిలబడింది. "ఇదేంటి?"

"నాకేం తెలీదు మాస్టరమ్మా."

"తెలీనివాడివి చెమటలు తుడుచుకుంటావేం?"

"ఇస్త్రీపెట్టె వేడి..."

"చెప్తావా, ఆ రేడియో ఎత్తి కింద పడేయనా?"

ఆయన ఓనరు గదివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. పోయిన నెల్లో ఆమె ఆస్పత్రి నుంచి వచ్చి కత్తిరించిన రోజున ఇలా అయిందట. బుల్లెట్టు మొదటి కట్ట విప్పగానే పట్టేసి, ఓనరుకు చూపించిందట. ఆయన, "మాస్టరమ్మకు తెలిస్తే కుంగిపోతుంది, ఎవరూ నోరెత్తకండి" అన్నాడట. తర్వాత హోటల్ మనిషి వచ్చి, కోట్లు ఎందుకు ఆలస్యమయ్యాయని గోల చేస్తే, ఎవరో ఒకరి మీద పెట్టాలి కాబట్టి, బుల్లెట్టు చూసుకోకుండా కుట్టి గుడ్డ పాడుచేసిందని చెప్పాడట. ఆ మనిషి ముందే ఆవిడను మెషీను మీంచి లేపాడట.

"అప్పుడు నేనెక్కడున్నాను?"

"మంచం మీద... అదే, ఆస్పత్రిలో. అంతా మీ మంచికే అనుకున్నాం."

మాస్టరమ్మ ఇంకేమీ వినలేదు. తిన్నగా తలుపు పక్క మూలకు నడిచింది. బుల్లెట్టు ఒళ్ళో కోటు ఉంది. దారం ముక్కలు ఆవిడ చీర మీద, చేతుల మీద, జుట్టులో కూడా అంటుకుని ఉన్నాయి.

"నా తప్పు మోయమని నీకెవరు చెప్పారే?" అంది మాస్టరమ్మ, కట్టను ఆవిడ కాళ్ళ దగ్గర పడేసి.

బుల్లెట్టు కట్టను చూసింది. మళ్ళీ దారాలు కత్తిరించసాగింది. "పోనీలే. నీకు ఒంట్లో బాగాలేదుగా."

"నాకు బాగాలేకపోతే నువ్వు గొప్పదానివైపోతావా? నేనడిగానా? నన్నేదో పసిపాపను చేసి, అందరూ కలిసి చెవిలో పువ్వులు పెడతారా? నీకైనా బుద్ధుండక్కర్లేదా?"

కత్తెర ఆగింది. బుల్లెట్టు లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడిపోయింది. వర్క్‌షాపులో మెషీన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"నువ్వు కూడా నన్నే అంటావా?" అంది. "ఊరూపేరూ తెలీని మనిషి ముందు ఓనరు నన్ను కళ్ళు కనపడవా అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఒక్క చెయ్యి వంకరగా అతికించానా నేను? నోరు మూసుకున్నాను. ఎందుకు? నీ కోసమని వాడు నా దగ్గర మాట తీసుకున్నాడు కాబట్టి. సరే, వాడు అలాంటివాడు. మరి నువ్వో?"

"నేనేం చేశాను? నాకు తెలిస్తేగా!"

"తెలీదా? నెల్రోజులుగా నీ కళ్ళ ముందే కూర్చున్నాను ఈ మూల. నా మెషీను మీద ఇంకెవరో కుడుతున్నారు. నేను దారాలు ఏరుకుంటున్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఏమే బుల్లెట్టూ, ఇక్కడెందుకున్నావని అడిగావా? అస్తమానం నీ కుర్చీ, నీ మెత్త, నీకు ఎవరు తలూపారు, నీతో ఎవరు వాదించలేదు. అందరూ నీ రోగాన్నే చూస్తున్నారని ఏడుస్తావు గానీ, నువ్వు మాత్రం ఇంకేం చూస్తున్నావ్?"

మాస్టరమ్మ దారికి అడ్డంగా అలాగే నిలబడింది.

"తప్పుకో" అని బుల్లెట్టు సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం కాకుండానే.

*

ఇంటికెళ్ళాక మొగుడు అన్నం వడ్డించాడు. ఆమెకు ఉప్పు తగ్గించమన్న దగ్గర్నుంచీ వంట ఆయనే చేస్తున్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి. కూరగాయలు కూడా స్క్రూలు విప్పినంత నెమ్మదిగా తరుగుతాడు.

ఆమె వర్క్‌షాపులో జరిగింది చెప్పింది. ఆయన తాపీగా విని, "పోనీలే, అందులో నీ తప్పేముంది? ఒంట్లో బాగోక అయిందేగా" అన్నాడు.

"నా తప్పు కాక ఎవరిది? అట్ట తిప్పనిది నేనే."

"సరే, నీదే."

"అలా సరే అనకు! ఇందాక కాదన్నావు, ఇప్పుడు అవునంటావేం? నీకంటూ ఒక మాట లేదా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో రోజైతే ఆమె ఇంకా ఏదో అనేదే. కానీ బుల్లెట్టు మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఇంకేం చూస్తున్నావ్, ఇంకేం చూస్తున్నావ్ అని. ఆమె మొగుడి మొహంకేసి చూసింది. ఆయన ముద్ద మింగడానికి అవస్థ పడుతున్నాడు. మందు మింగినట్టు, కళ్ళు ఓసారి మూసి మింగుతున్నాడు. మనిషి చిక్కిపోయాడు కూడా. చొక్కా కాలరుకూ మెడకూ మధ్య ఇంత ఖాళీ ఎప్పుడొచ్చింది?

"నువ్వెందుకు తింటున్నావ్ ఈ చప్పిడి కూర?" అంది.

"ఏం, బాగానే ఉంది."

"బాగోలేదు. గడ్డిలా ఉంది. నాకైతే కిడ్నీలు లేవు. నీకేం రోగం?"

"నీ ముందు కూర్చుని ఉప్పూ కారం వేసుకుని తినమంటావా? నాకు ముద్ద దిగుతుందా?"

"ఇప్పుడు మాత్రం దిగుతోందా? లే, ఉప్పు తెచ్చుకో."

"తెచ్చుకోను."

"తెచ్చుకోమంటుంటే!"

"తెచ్చుకోనన్నానుగా! నా కంచం, నా కూర. నువ్వు చెప్పినట్టల్లా తినడానికి నేనేమన్నా..." ఆయన గొంతు పెరిగింది. పెరిగిందని ఆయనకే తెలిసి ఠక్కున ఆగిపోయాడు. భయంగా ఆమె చేతి పట్టీకేసి చూశాడు.

"ఆగావేం? కానీ" అంది ఆమె.

ఆయన కాసేపు కూరను వేలితో అటూ ఇటూ తోశాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. "ఆస్పత్రి నుంచి ఇంటికి రమ్మంటే రావు. దిమ్ము తలతో కత్తెర పట్టుకుంటావు. ఆ రోజు గుడ్డే తెగింది. వేలు తెగితే? రక్తం గడ్డకట్టకుండా మందు ఎక్కిస్తారుగా, అది ఆగుతుందా? రోజూ కొట్లో కూర్చుని నేను ఫోనుకేసి చూస్తుంటాను, ఎవరు చేస్తారో ఏం చెబుతారో అని. చెబితే వింటావా? మొండిదానివి. మొదట్నుంచీ మొండిదానివే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"చెప్పనిస్తేగా!"

అది అబద్ధం. ఆమె చెప్పనివ్వకపోవడమేమీ లేదు. అయినా ఆమె దాన్ని పట్టుకోలేదు. ఆయన చెప్పిన మిగతాదంతా నిజమే.

*

మర్నాడు బుల్లెట్టు వచ్చింది. తిన్నగా తన మూలకెళ్ళి కూర్చుంది. మాస్టరమ్మ ఓనరు గదిలోకి వెళ్ళకుండా, ఆయన్నే బయటకు పిలిచింది, అందరికీ వినపడేలా. ఆయన తల్లి నడిపే రోజుల నుంచీ ఆమె ఇక్కడే ఉంది. అందుకే ఆయన్ని నువ్వు అనే చనువుంది.

"ఈ చేతులు కత్తిరించింది నేను" అంది కట్టను టేబుల్ మీద పెట్టి. "అట్ట తిప్పలేదు. పట్టుకుంది బుల్లెట్టు. ఈ మాట హోటల్ మనిషికి ఫోన్ చేసి చెప్పు. ఇప్పుడే, ఇక్కడే."

"ఇప్పుడవన్నీ ఎందుకు మాస్టరమ్మా? అయిపోయిందేదో అయిపోయింది. మీ ఆరోగ్యం ముఖ్యం..."

"నా కిడ్నీలు పోయాయి, ఎవరూ ఏం చెయ్యలేరు. నేను చేసిన తప్పయినా నాకుండనీ. దాన్ని కూడా తీసి ఇంకొకరికిచ్చేస్తే, ఇంక ఇక్కడ నిలబడ్డది ఎవరు?"

"మీ మంచికే కదా చేశాం!"

"నాకు మంచి, దానికి మూల. ఇదేం న్యాయం?"

ఓనరు చుట్టూ చూశాడు. అందరూ చూస్తున్నారు. మంచితనం ఇన్నాళ్ళు మోసి మోసి ఆయనకీ విసుగొచ్చి ఉంటుంది, ఒక్కసారిగా మొహం ఎర్రబడింది.

"సరే, నన్నేం చెయ్యమంటారు? తప్పు మీదే! గుడ్డ మళ్ళీ తెప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున కత్తిరించొద్దని ఎంత చెప్పినా మీరు వినరు. ఎవరు చెప్పినా వినరు! మీరు ఆ రోజు ఇంటికెళ్ళి పడుకునుంటే ఇదంతా జరిగేదా?"

ఎన్ని నెలలుగానో ఇలాంటి మాట కోసం మొహం వాచి ఉన్నానని అనుకుంది ఆమె. తీరా పడితే ఏమంత హాయిగా లేదు. చెంపలు మండాయి. అయినా కుర్చీకేసి చూడకుండా, టేబుల్ అంచు పట్టుకుని నిలబడి మొత్తం విన్నది. అన్నది నిజంగా తననే. ఈసారి కిడ్నీలను కాదు.

"అవును" అంది చివరికి. "ఆ రోజుల్లో నా తల సరిగ్గా ఉండదు. ఇంక ఆ రోజు కత్తెర పట్టుకోను. మిగతా రోజుల్లో కూడా అట్టలు పరిచాక ఇంకొకరు చూడాలి. చూసి సరే అంటేనే కోస్తాను."

ఈ మాట అనడం, ఓనరు తిట్లు పడడం కంటే కష్టంగా ఉంది. పళ్ళ మధ్య నుంచి లాగినట్టు వచ్చింది.

"ఎవరు చూస్తారు?"

మాస్టరమ్మ తలుపు పక్కకు చూసింది. బుల్లెట్టు దారం కత్తిరించడం ఆపలేదు కానీ, వింటోంది.

"అదే. దానికి కళ్ళు కనపడతాయి."

ఓనరు నిట్టూర్చి ఫోన్ తీశాడు. అటువైపు హోటల్ మనిషితో గొణిగినట్టుగానే చెప్పాడు. గట్టిగా చెప్పమని ఆమె అంటే గట్టిగా చెప్పాడు. ఫోన్ పెట్టేశాక బుల్లెట్టు వైపు తిరిగి, "నువ్వు నీ మెషీను మీదకెళ్ళు" అన్నాడు.

"సారీ అని ఒక మాట ఉంది, విన్నావా ఎప్పుడైనా?" అంది బుల్లెట్టు.

ఆయన అది కూడా అన్నాడు.

మాస్టరమ్మ ఆవిడ దగ్గరకెళ్ళి నిలబడింది. "అడగాల్సింది. అడగలేదు. కళ్ళు మూసుకుపోయాయి నాకు."

"ఊఁ" అంది బుల్లెట్టు, చీర మీది దారాలు దులుపుకుంటూ. ఆ రోజంతా ఆవిడ మెషీను గది అదిరిపోయేలా మోగింది.

*

ఆ మరుసటి రోజు ఆస్పత్రి. సూదులు తీశాక ఆమె ఇంటికెళ్ళి పడుకుంది. పైకప్పుకేసి చూస్తూ, తనను తాను తిట్టుకుంటూ, ఫ్యానును తిట్టుకుంటూ, మొత్తానికి నిద్రపోయింది.

తర్వాతి రోజు పొద్దున్నే గుడ్డ పరిచి, పొరలు సర్ది, అట్టలు పెట్టి గీతలు గీసింది. కత్తెర పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. పిలవడానికి నోరు రాలేదు. కాస్త గట్టిగా దగ్గింది.

బుల్లెట్టు కుడుతున్న కుట్టు పూర్తిచేసి, దారం తెంపి, మరీ తీరిగ్గా లేచింది. టేబుల్ చుట్టూ తిరిగింది. ప్రతి అట్టనూ తాకుతూ, అవసరానికి మించి నెమ్మదిగా తిరిగింది. చేతుల దగ్గర ఆగింది. ఒకటి తిన్నగా, ఒకటి బోర్లా. ముందుకెళ్ళింది. జేబు మూతల దగ్గర మళ్ళీ ఆగింది.

"ఇది వంకర."

"వంకరా? ఎక్కడ?"

"గుడ్డ నిలువును చూడు, దీన్ని చూడు."

"అది వంకర కాదు. పరిచేటప్పుడు గుడ్డ సాగింది."

"గుడ్డ సాగలేదు. నువ్వే అడ్డదిడ్డంగా పెట్టావ్."

"నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు నువ్వు సూదిలో దారం ఎక్కించడం కూడా..."

"అదంతా తర్వాత చెప్పుకో. ముందు పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డం" అంటూ బుల్లెట్టు మోచేత్తో ఆమెను ఒక్క తోపు తోసింది.

ఇస్త్రీ ఆయన పరుగున వచ్చాడు. "మెల్లిగా, మెల్లిగా! ఆవిడకు ఒంట్లో..."

"నువ్వు ఊరుకో!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆయన నోరు మూసుకుని వెనక్కెళ్ళిపోయాడు. మాస్టరమ్మ వంగి చూసింది. జేబు మూత నిజంగానే వంకరగా ఉంది, వెంట్రుకవాసి. ఆమె ఆ సుద్ద గీతను బొటనవేలితో చెరిపేసింది. పక్కటెముకల్లో మోచెయ్యి తగిలిన చోట సన్నగా నొప్పెడుతుంటే, పక్కకు జరుగుతూనే, "జరగమని అడిగే తీరు అదేనా?" అని మొదలుపెట్టింది.